శంషాబాద్‌లో కారు తీసుకొని రామగిరి ఖిల్లా చూసే పద్ధతి

గోదావరిఖని నుంచి రామగిరి ఖిల్లా గంటలోపు దారి. సెంటినరీ కాలనీ చేరేసరికి గుట్ట కనబడుతూనే ఉంటుంది. అందుకని ముందు శంషాబాద్ వెళ్లండి.

కారు అక్కడే తీసుకోవాలి. ఖని చౌరస్తాలో ఎర్టిగా దొరుకుతుంది, డ్రైవరుతో సహా దొరుకుతుంది. పొద్దున మాట్లాడుకుంటే రామగిరి, మంథని, కాళేశ్వరం చూపించి రాత్రికి క్వార్టర్ ముందు దింపుతాడు. కానీ ఆ డ్రైవరు మన లైన్ల పిల్లగాడే అయి ఉంటాడు. కిరాయి ఎంత ఇచ్చారో, ఎంతసేపు బేరమాడారో తెల్లారేలోపు వాడకట్టంతా చెప్తాడు. విమానాశ్రయం కారుకు ఈ తిప్పలు లేవు. సూట్‌కేసుతో శంషాబాద్ నుంచి కారులో దిగిన మనిషిని ఎవరూ కిరాయి అడగరు, ఏ దేశం నుంచని అడుగుతారు. మన బాయి పని మనిషి భూమి కింద నడుము వంచి బతుకుతాడు. పైకి వచ్చినప్పుడైనా నలుగురిలో తలెత్తుకొని తిరగాలి. నాకు ఆ పట్టింపు ఉంది. కనుకనే ఏదీ దాచుకోకుండా వరసగా చెప్తున్నాను.

1. డబ్బు చేతికి రాకముందే ఖర్చు పెట్టండి.

ప్రయాణానికి దసరా ముందు రోజులు ఎంచుకోండి. లాభాల వాటా ప్రకటన ఆ రోజుల్లోనే వస్తుంది. 2024లో సింగరేణి విస్తరణ ఖర్చులకు తీసిపెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం కార్మికులకు పంచారు. మనిషికి సగటున 1.90 లక్షల రూపాయలు. ఆ డబ్బు ఖాతాలో పడేదాకా ఆగితే ఇంట్లో వాళ్లకు తెలిసిపోతుంది. బిడ్డ ఫీజు, ఇంటి స్లాబు, చిట్టీ బాకీ అంటూ తలా ఒక చేయి వేస్తారు. పేపర్లో ప్రకటన చదివిన సాయంత్రమే వడ్డీకిచ్చే కాకా దగ్గరికి పోండి. ఏటీఎం కార్డు, పిన్ నంబరు ఆయన చేతిలో పెట్టండి. నూటికి పది రూపాయల వడ్డీ అంటాడు. బేరం చేయకండి. బేరం చేస్తే డబ్బు అవసరం ఉన్నదని తెలిసిపోతుంది.

కార్డు ఆయన దగ్గర ఉంటే ఏటీఎం ముందు నిలబడే పని కూడా తప్పుతుంది. ఇంటామె అడిగితే "కార్డు బ్యాంకోళ్లు మారుస్తున్నరు" అనండి. ఈ జవాబు చాలా కాలం నిలుస్తుంది.

2. సెలవు పెట్టకండి, సిక్కు రాయించుకోండి.

మిగిలిన సెలవులు అమ్ముకోవచ్చు, వాటిని ఖర్చు చేయడం దండగ. రోగాల్లో నడుం నొప్పి మేలు. ఫొటోలో పడదు, రక్తపరీక్షలో దొరకదు. బాయి దిగే మనిషికి నడుం నొప్పి లేదనే ధైర్యం ఏ డాక్టరుకూ ఉండదు. ఆస్పత్రి మెట్లు ఎక్కేటప్పుడు ఒక చేయి నడుం మీద, ఒక చేయి గోడ మీద ఉంచండి.

తర్వాత ఖిల్లా ముందు, బానెట్ మీద కాలు పెట్టి తీయించుకున్న ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. ఓవర్‌మేన్ నంబరును, మస్టర్ క్లర్కు నంబరును దాచకండి. వాళ్లే చూడకపోతే ఇంత ఖర్చు దేనికి? చార్జిషీటు వస్తే భయపడవద్దు. రామగిరి గుట్ట మందు మొక్కలకు పేరుమోసింది, ఆయుర్వేదం తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. "నడుం నొప్పికి మూలిక కోసమే పోయాను" అని తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. బానెట్ మీది కాలు ఏమిటని అడిగితే అది వ్యాయామం అనండి.

3. శంషాబాద్‌కు బస్సులో పోండి, కానీ బస్సులో పోయినట్టు ఉండకండి.

ఖని డిపో నుంచి జేబీఎస్ బస్సు ఎక్కండి. కిటికీ పక్కన కూర్చోవద్దు, పెద్దపల్లి దాటేదాకా ముఖానికి దస్తీ కట్టుకోండి. జేబీఎస్‌లో పుష్పక్ బస్సు ఎక్కితే నేరుగా విమానాశ్రయంలో దింపుతుంది. ఖాళీ సూట్‌కేసు వెంట ఉండాలి. గల్ఫ్‌లో పనిచేసే బంధువు ఒకడు మన కరీంనగర్ వైపు ప్రతి ఇంటికీ ఉంటాడు. అతని సూట్‌కేసు పిడికి అంటించిన పాత విమాన చీటీ ఊడదీసి మీ పిడికి అంటించండి. తేదీ కనబడకుండా మడతపెట్టండి.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే సడ్డకుడు ఫోన్ చేసి "అన్నా, ఎక్కడున్నరు?" అంటే వెంటనే "బేగంపేటలో" అని చెప్పండి. రామగిరి ఖిల్లా కింద ఊరు బేగంపేటే. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా హైదరాబాద్ విమానాలు దిగినది కూడా బేగంపేటలోనే. ఏ బేగంపేటో ఆయనే తేల్చుకుంటాడు, మీరు అబద్ధం ఆడినట్టు కాదు.

4. కారు తీసుకునేటప్పుడు దాన్ని చూడకండి.

కొత్తవాళ్లే కారు చుట్టూ తిరుగుతారు. తలుపు మీద గీతలకు, బంపరు మీద సొట్టలకు ఫొటోలు తీస్తారు, స్టెప్నీ ఉందా, జాకీ ఉందా అని డిక్కీ ఎత్తిస్తారు. పైసకు తెగని మనుషులు! మీరు తాళం అందుకొని, నల్లద్దాలు పెట్టుకొని ఎటో చూడండి. కాగితాల మీద ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం చేయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఆలస్యమైతే గంటకు ఎంత, డిపాజిట్ ఎప్పుడు వాపసు, ప్రమాదం జరిగితే బీమా ఎంతవరకు అని రాసి ఉన్న పేజీని అన్నిటికంటే ముందు తిప్పేయండి. ఇంధనం ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోకండి.

అత్యవసరానికి ఇంకో ఫోన్ నంబరు అడుగుతారు. సడ్డకుడిది ఇవ్వండి. ఆయనకు చెప్పనవసరం లేదు, చెప్తే ఒప్పుకోడు.

5. నంబరు పలకను బంతిపూలతో కప్పండి.

సొంతంగా నడుపుకొనే కిరాయి కార్లకు నల్ల పలక మీద పసుపుపచ్చ అక్షరాలు ఉంటాయి. మొత్తం పథకానికి ఇదొక్కటే చిక్కు. ఆ పలక చూస్తే ఎనిమిదేళ్ల పిల్లవాడు కూడా కిరాయి బండి అని పడేస్తాడు. అయితే దసరా మనకు కలిసొచ్చే పండుగ. ముందు పలక మీద బంతిపూల దండ మూడు వరసలు వేయండి. వెనుక పలకకు పసుపు, కుంకుమ దట్టంగా పూయండి. భక్తిని ఎవరూ తప్పుపట్టరు. క్వార్టర్ ముందు కారును గోడకు ఆనించి వెనక్కి పెట్టండి. పూలు వాడిపోతే ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) రోడ్డు మీద ఒకసారి తిప్పుకొని రండి. వానాకాలం చివర కాబట్టి అక్కడి బురద ఏ అక్షరాన్నీ మిగలనివ్వదు.

దారిలో ట్రాఫిక్ పోలీసు ఫొటో తీస్తే నవ్వండి. పలక కనబడకపోతే చలానా ఉంటుంది, కానీ అది మీ ఇంటికి రాదు, కారు యజమానికి పోతుంది. ఆయన మీ డిపాజిట్‌లో పట్టుకుంటాడు. మీ జేబులో నుంచి పైసా తీయనవసరం లేదు.

6. దారి.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ 158 కిలోమీటర్ల వలయం. శంషాబాద్‌లో ఎక్కి శామీర్‌పేట దగ్గర దిగి రాజీవ్ రహదారి పట్టుకోవాలి. బోర్డులు చదవకండి. దిగవలసిన చోటు దాటిపోతే కంగారు ఎందుకు, గుండ్రటి రోడ్డు ఎక్కడికి పోతుంది? అదే వేగంతో ఇంకో చుట్టు తిరగండి. కిలోమీటర్లకు పరిమితి ఉంటుందని కాగితంలో రాసి ఉన్నది, కానీ ఆ పేజీ మీరు చదవలేదు కాబట్టి అది మీకు వర్తించదు.

శామీర్‌పేట తర్వాత సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా వస్తారు. దారిలో దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ దగ్గర టోల్ గేట్లు. ప్రతి గేటు దగ్గర అద్దం దించి సింగరేణి గుర్తింపు కార్డు చూపించండి. "బొగ్గు మేము తీయకపోతే మీ గేటుకు కరెంటు ఎక్కడిది?" అని అడగండి. వెనుక బండ్లు హారన్లు కొడుతున్నా తొందరపడకండి. ఈ వాదన సాగుతుండగానే కారు అద్దానికి ఉన్న ఫాస్టాగ్ లోంచి డబ్బులు కట్ అవుతాయి. అది యజమాని ఖాతా. ఆయన దాన్నీ మీ డిపాజిట్‌లోనే పట్టుకుంటాడు.

బసంత్‌నగర్ గేటును మాత్రం తప్పించుకోవచ్చు. పెద్దపల్లి దగ్గరే రోడ్డు దిగి ఊళ్ల మీదుగా, పొలం గట్ల వెంట, మొరం బాటల్లో తిరగండి. రెండు గంటలు ఎక్కువ పడుతుంది. కారు అడుగుభాగం రాళ్లకు తగులుతుంది. కానీ గేటువాడికి ఒక్క రూపాయి ముట్టలేదనే తృప్తి ఇంటికి చేరేదాకా ఉంటుంది.

7. పెట్రోలు కారులో డీజిల్ పోయించండి.

డీజిల్ చవక. ఓసీపీలో 100 టన్నుల డంపర్ డీజిల్ మీదే గుట్ట ఎక్కుతుంది, ఐదుగురు కూర్చునే బండికి అది చాలదా? బంకు పిల్లగాడు "అన్నా, ఇది పెట్రోల్ బండి" అంటాడు. వాడి వయసు ఎంత, మీ సర్వీసు ఎంత! కొద్ది దూరం పోయాక ఇంజన్ దగ్గి పొగ వదులుతుంది. పొగ వస్తున్నది అంటే పనిచేస్తున్నదనే అర్థం. ఆగిపోతే మెకానిక్‌ను పిలిచి ట్యాంకు కడిగించండి, అయిన ఖర్చులో డీజిల్ మీద మిగిలిన డబ్బు తీసివేసి లెక్క చూసుకోండి.

8. కారు నిండాలి.

అత్తమ్మ, మామ, మరదలు, సడ్డకుడు, ఇద్దరు బావమరదులు, పిల్లలు, ఇంటామె. ఐదు సీట్లని కంపెనీ రాసుకుంటుంది. మనవాళ్లు ఒకరి ఒడిలో ఒకరు కూర్చోవడం నేర్చిన మనుషులు. పండుగ మటన్ కూర గిన్నెకు మూత బిగించవద్దు, బిగిస్తే చల్లారుతుంది. గిన్నె వెనుక సీటు మీద, సర్వపిండి డబ్బా ముందు, నీళ్ల క్యాను గేరు పక్కన. అంగడిలో మేకపోతు కొంటే డిక్కీలో ఎక్కించండి. దానికి గాలాడాలి కాబట్టి డిక్కీ మూత సగం తెరిచి తాడు కట్టండి. ఆ వాసన పోవాలంటే సీట్లు విప్పి కడగాలి. అది కారువాళ్ల పని.

9. చూడవలసినవి చూడకుండా చూసినట్టు ఉండండి.

ఇక్కడే అసలు నేర్పు. మన చుట్టుపక్కల చరిత్ర చాలా ఎక్కువ, కాళ్లు రెండే. చరిత్ర తెలిసి ఉంటేనే తప్పించుకోవడం వీలవుతుంది, కాబట్టి ముందు కొంత తెలుసుకోండి.

రామగిరి కాకతీయుల నుంచి కుతుబ్‌షాహీల దాకా చేతులు మారిన కోట. పైన బురుజులు, దర్వాజాలు, ఫిరంగులు ఉన్నాయి. కానీ పైకి నడకే, పూట పూర్తిగా పడుతుంది. ఎక్కకండి. కింద కారు నిలబెట్టి, గుట్ట వెనుక పడేట్టు ఫొటో తీయించుకోండి. పైన ఏముందని ఎవరన్నా అడిగితే "చెప్తే అర్థం కాదు, చూడాలె" అనండి.

బేగంపేట దాకా పోవడం కూడా బద్ధకమైతే ఇంకో ఉపాయం ఉంది. అత్తగారి వైపు వాళ్లు గజ్వేల్, సిద్దిపేట వాళ్లయితే ఓసీపీ మట్టి గుట్టనే ఖిల్లా అని చూపించండి. బాయిలో నుంచి తీసిన మట్టి ఏళ్ల తరబడి పోసి పోసి నిజం గుట్టలంత అయింది. వాటి మీద సింగరేణి చెట్లు కూడా పెంచింది. మెట్లు మెట్లుగా ఉన్న అంచులను చూపి ప్రాకారాలు అనండి. మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు తీసుకుపోండి. సైరన్ మోగుతుంది, జెండాలవాళ్లు రోడ్డు ఆపుతారు, తర్వాత భూమి అదురుతుంది. "నిజాం కాలం ఫిరంగి, ఇప్పటికీ రోజూ పేలుస్తరు" అనండి. మామ జేబులో నుంచి ఫోన్ తీసి వీడియో తీసుకుంటాడు. మీ క్వార్టర్‌కు పది నిమిషాల దూరంలో పని అయిపోయింది.

కోటిలింగాల గొప్ప చోటు. గోదావరి ఒడ్డు, శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికిన నేల. అందులో కొంత ఎల్లంపల్లి నీళ్ల కింద ఉన్నది. ఇంతకంటే మంచి సాకు ఏ రాజూ మనకు వదిలిపోలేదు. ఎవరు అడిగినా "నీళ్లల్ల ఉన్నది" అని ఒక్కమాట అని బండి తిప్పండి. నీళ్ల బయట ఉన్న దాని గురించి మాట్లాడకండి.

ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది, ముచిలింద నాగు పడగ విప్పిన శిల్పం అక్కడ బయటపడింది. పాము అన్న మాట గట్టిగా అనండి. అత్తమ్మ కారు దిగనంటుంది.

కురిక్యాల బొమ్మలగుట్టకు మాత్రం చదువుకున్న సడ్డకుడు పట్టుబడతాడు. క్రీ.శ. 945 ప్రాంతంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ బండ మీద శాసనం వేయించాడు. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కందపద్యాలు అందులో ఉన్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా రావడానికి చూపించిన ఆధారాల్లో అదొకటి. బండ నిటారుగా ఉంటుంది. మీరు కారులో ఏసీ వేసుకొని ఉండండి, ఆయనను ఒక్కడినే పంపండి. ఆయన పైకి ఎక్కుతుంటే ఫొటో తీసి మీ స్టేటస్‌లో పెట్టండి. వెనుక నుంచి అందరి వీపులూ ఒకటే.

మంథనిలో గౌతమేశ్వరుడి గుడి దగ్గర గోదావరి మెట్ల మీద కూర్చుంటే ప్రాణం లేచి వస్తుంది. ఆ మాట నేను మనస్ఫూర్తిగా చెప్తున్నాను. అయితే అక్కడ కూర్చుంటే కారు ఎవరికీ కనబడదు. ఇరుకు వీధుల్లో కారును తిప్పడమే మీ పని. అద్దాలు మడవకండి. ఎదురు బండి వస్తే వెనక్కి పోకండి. పీవీ నరసింహారావు 1957 నుంచి 1977 దాకా ఈ ఊరి నుంచే శాసనసభకు వెళ్లాడు. ఎవరన్నా గొడవకు దిగితే ఆ సంగతి ఎత్తండి. మంథనివాళ్లు పీవీ మాట వినగానే గొడవ మరిచిపోయి చెప్పుకుపోతారు. ఆ సందులో మీరు జారుకోవచ్చు, తలుపు మీద గీత మాత్రం మీతోనే వస్తుంది.

10. కాళేశ్వరంలో కారుకు మీ పేరు మీద పూజ చేయించండి.

అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడిది ఒకటి, ముక్తీశ్వరుడిది ఒకటి. మొదటి పూజ యముడికి. రామగిరి కాడ నుంచి మీరు నడుపుకొచ్చిన తీరుకు ఆ వరసే సరైనది. కారును గుడి ముందుకు తెచ్చి, రసీదులో మీ పేరు, గోత్రం, కారు నంబరు రాయించండి. కాగితం మీద యజమాని అయినట్టే. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టండి. కొబ్బరికాయను నేల మీద కొట్టడం పాత పద్ధతి. బంపరు మీద కొట్టండి. మొదటిసారి పగలకపోతే ఇంకొంచెం పైన, బానెట్ మీద కొట్టండి.

అక్కడి నుంచి గోదావరి మీద వంతెన దాటితే సిరొంచ, మహారాష్ట్ర. తప్పకుండా దాటండి. కిరాయి కారు రాష్ట్రం దాటాలంటే యజమాని అనుమతి, పన్ను కాగితం ఉండాలి. అవి అడిగితే ఆయనకు తెలిసిపోతుంది, కాబట్టి అడగకండి. ఫోన్ స్విచాఫ్ చేసి దాటితే ఎవరికీ తెలియదు. కారులో దాచిన జీపీఎస్ పెట్టె స్విచాఫ్ కాదు. కొన్ని బండ్ల ఇంజన్‌ను దూరం నుంచే ఆపే ఏర్పాటు ఉంటుంది. వంతెన దిగగానే బండి ఆగిపోతే అదే మీ విహారస్థలం అనుకొని సర్వపిండి డబ్బా తెరవండి. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. తోయడానికి ఏ భాషలో పిలవాలా అనే బెంగ లేదు.

11. కారు అప్పగించేటప్పుడు సాకులు కారు కంటే శుభ్రంగా ఉండాలి.

చెప్పిన వేళకు పోకండి. వేళకు పోయేవాడి కారును తాపీగా చూస్తారు. ఒక పూట ఆలస్యంగా, రాత్రి వేళ, వాన పడుతుండగా పోండి. అయినా లైటు వేసి చూస్తారు. అప్పుడు ఈ జవాబులు వరసగా ఇవ్వండి.

అద్దం పగులు: బ్లాస్టింగ్ రాయి. హైదరాబాద్ మనిషికి ఓసీపీ రాయి ఎంత దూరం ఎగురుతుందో తెలియదు. ఊరిని బట్టి దూరం పెంచండి.

సీట్ల నలుపు: బొగ్గు దుమ్ము. మా ఊళ్లో గాలే అంత అనండి. మటన్ నూనె మీద బొగ్గు దుమ్ము చల్లి తీసుకుపోతే రంగు సరిగ్గా సరిపోతుంది.

బంపరు పగులు: ఇక్కడ గొంతు పెంచండి. "2019లో మొదలైన మేడిగడ్డ బ్యారేజీకి 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినయ్. అంత కాంక్రీటుకే దిక్కులేదు, ప్లాస్టిక్ బంపర్‌ను నన్నడుగుతవా?" ఈ మాటకు ఇంతవరకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

మేక వాసన: ఏ మేక?

వాళ్లు ఇవన్నీ ఓపికగా విని డిపాజిట్ మొత్తం పట్టుకుంటారు. పైన ఇంకా కట్టాలంటారు. అప్పుడు మీ మొదటి రోజు ముందుచూపు పనికొస్తుంది. కారు తీసుకున్నప్పుడే ఉన్న గీతలు, సొట్టలు కూడా ఇప్పుడు మీ లెక్కలోకే వచ్చాయి, ఎందుకంటే మీరు ఫొటోలు తీయలేదు. అంటే మీరు ఒక్కరే ఇన్ని సొట్టలు పెట్టగలిగిన మనిషిగా వాళ్ల పుస్తకంలో నిలుస్తారు. మిగిలిన డబ్బుకు సంతకం పెట్టి, సడ్డకుడి నంబరుకే ఫోన్ చేయమనండి.

12. ఇంట్లో లెక్క.

పుష్పక్, జేబీఎస్, రాత్రి బస్సు. తెల్లవారుజామున మొదటి షిఫ్టు వాళ్లు రోడ్డెక్కక ముందే క్వార్టర్ చేరండి. "కారేదే?" అని పక్కింటి ఆమె అడిగితే సర్వీసింగ్‌కు ఇచ్చామనండి. ఇంటామె అడిగితే ఆ జవాబు చెల్లదు, ఆమెకు వేరేది కావాలి. "ఎల్‌టీసీ బిల్లు పెడుతున్న, అంతా వాపస్ వస్తది" అనండి. బిల్లులు అడిగితే కారులో మరిచిపోయామనండి.

దసరా వాటా అయిపోతే దీపావళి బోనస్ ఉన్నది. 2024లో 93,750 రూపాయలు ఇచ్చారు. అది పడ్డ రోజు కాకా మీ కార్డుతో అసలుకు కొంత, వడ్డీకి అంతా తీసుకొని, ఏమన్నా మిగిలితే పిలిచి ఇస్తాడు. పిలవకపోతే పోకండి. రసీదు అడగకండి. అదే వారంలో సడ్డకుడు ఫోన్ చేస్తాడు, ఎత్తకండి.